వరాలమ్మ సిలిండర్ బిల్లు

చిత్రభాను మహారాజుకు ఓ ఉదయం దానగుణం పొంగుకొచ్చింది. రోగులకు కావలసిన సామాను ఏదైనా సరే, బిల్లు ఖజానాకు పంపమని చాటింపు వేయించాడు. ఒక్కటే షరతు. ఆ అవసరం నిండుసభలో, తన కళ్లెదుట పరీక్షలో తేలాలి.

రాజుల కాలంలో బిల్లులేమిటి, ఆక్సిజన్ సిలిండర్లేమిటి అని నన్ను నిలదీయకండి. కథ నాది, రాజ్యమూ నాదే.

పరీక్షల పెత్తనం భరోసా మంత్రి ప్రచండయ్యది. ఒక బిల్లు తిప్పికొడితే ఆ పూట ఆయనకు అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగేది.

ఓనాడు మంత్రసాని వరాలమ్మ సభకొచ్చింది. వచ్చిందనడం కన్నా తెచ్చారనడం నయం. ఆవిడా, ఆవిడ మంచం పక్కనుండే నిలువెత్తు సిలిండరూ ఒకే ఎడ్లబండిలో దిగారు. పురిటిళ్లలో పొయ్యిల ముందు కూర్చుని కూర్చుని, పొగకు ఆవిడ ఊపిరితిత్తులు పాడయ్యాయి.

"భుజాన తగిలించుకునే బుల్లి సిలిండర్ ఒకటి ఇప్పించండి బాబూ. ఈ గొట్టం ఎంత పొడుగో నా లోకం అంతే అయిపోయింది. కాన్పుకని కబురొస్తే గడప దాటలేకపోతున్నాను" అంది.

ప్రచండయ్య ఆవిణ్ణి మెత్తటి పీట మీద కూర్చోబెట్టి, గొట్టం తీయించి, వేలికి ఊపిరి కొలిచే యంత్రం తొడిగాడు. కాసేపు చూసి పెదవి విరిచాడు.

"అంకె బాగానే ఉంది. బుల్లి సిలిండర్ కుదరదు."

"కూర్చుంటే బాగానే ఉంటుంది నాయనా. నాలుగడుగులు వేస్తే కదా ఆయాసం!"

"అయితే అడుగులు వేయకు. నడక మానేస్తే ఖజానాకూ ఖర్చు తప్పుతుంది" అన్నాడు మంత్రి.

అక్కడ నేనుంటే ఆ యంత్రం తీసి ఆయన నెత్తిన వేసేవాణ్ణి. రాజుకూ మనసొప్పలేదు గానీ, షరతు తను పెట్టిందే. ముసలావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అప్పుడు లేచాడు విదూషకుడు పేరిభట్టు.

"మంత్రిగారి పరీక్షకు తిరుగులేదు ప్రభూ! అన్నట్టు మంత్రిగారూ, తమరి మోకాళ్లు ఎలా ఉన్నాయి? చూడబోతే కుర్రాడిలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు."

ప్రచండయ్య మీసం దువ్వాడు. "నాకేం భట్టూ! పాతికేళ్లవాడు కూడా నాలా కూర్చోలేడు."

"నొప్పి?"

"ఇసుమంతైనా లేదు."

పేరిభట్టు రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"పరీక్ష తేలింది ప్రభూ. మోకాళ్ల నొప్పులని ఖజానా ఖర్చుతో వీరు చేయించుకున్న పల్లకి వాకిట్లో ఉంది. దాన్ని జమ చేసుకోండి. మంత్రిగారు ఇక నడిచి వెళతారు."

ప్రచండయ్య పీఠం మీంచి దిగ్గున లేచి, మోకాలు కలుక్కుమని అక్కడే వంగిపోయాడు.

"అన్యాయం ప్రభూ! కూర్చోబెట్టి అడిగితే నొప్పి ఏం తెలుస్తుంది? నడిపించి చూడాలి గానీ!"

పేరిభట్టు నెమ్మదిగా అన్నాడు:

"ఆ మాటే కదండీ, ఇందాకట్నుంచి వరాలమ్మ మొత్తుకుంటోంది!"

సభంతా గొల్లుమంది. రాజు సింహాసనం మీద పొట్ట పట్టుకుని నవ్వాడు. వరాలమ్మను నడిపించి చూడమన్నాడు. నాలుగో అడుగుకే యంత్రంలో అంకె పడిపోయింది, ఆవిడ స్తంభం పట్టుకుంది. వైద్యుడు పరుగున వెళ్లి బుల్లి సిలిండర్ తెచ్చి గొట్టం తగిలించాడు. ఆవిడ కళ్లు మూసుకుని నిండుగా గాలి పీల్చింది.

బిల్లు మీద రాజముద్ర పడింది. పేరిభట్టు మెడలో ముత్యాల హారం పడింది.

"మంత్రీ, పల్లకి నీకే ఉంటుందిలే, రేపట్నుంచి" అన్నాడు రాజు. "ఈ పూటకు మాత్రం ఆ సిలిండర్ నీ భుజాన వేసుకుని వరాలమ్మను ఇంటిదాకా నడిపించుకెళ్లు."

గొట్టం ఆవిడ ముక్కుకు, సిలిండర్ ఆయన భుజానికి. ఆవిడ చకచకా నడుస్తుంటే ఆయన కుంటుకుంటూ, రొప్పుకుంటూ వెంటపడ్డాడు. వీధి మలుపులో వరాలమ్మ ఆగి జాలిగా చూసింది.

"బాగా ఆయాసపడుతున్నావు నాయనా. కాసేపు గొట్టం నువ్వు పెట్టుకుంటావా? బిల్లు అడగనులే!"