డాక్టరమ్మ కారుకు కొత్త బ్రేకులు

అప్పలస్వామి మేస్త్రి శిష్యుల ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పడం అరుదు. అడిగినవాడి చేతికి ఏదో పని అప్పగించి తన దారిన తాను పోతాడు. అనకాపల్లి దగ్గర ఆయన షెడ్డులో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్న గౌరినాయుడుకు ఈ సంగతి తెలుసు. అయినా ఒక ఉదయం ఉండబట్టలేక అడిగాడు.

"గురూగారూ, చేసిన పనిలో లోపం లేదని ఎప్పుడు అనుకోవచ్చు?"

ఆ ప్రశ్నకు కారణం ఎదురుగానే ఉంది. అది డాక్టర్ సుగుణమణి గారి పాత కారు. నలభై ఏళ్ళుగా ఆవిడే నడుపుతోంది. ప్రతి గురువారం ఆ కారులో కొండ మీది ఊళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసి వస్తుంది. కిందటి నెల ఘాట్ రోడ్డు దిగుతూండగా డ్రమ్ము బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేశాయి. బండిని కొండవైపు గట్టుకు రాపిడి పెట్టి ఎలాగో ఆపింది. వెనక సీట్లో నెలలు నిండిన మనిషి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, మర్నాడే కారు షెడ్డుకు తెచ్చి, "డిస్కు బ్రేకులు పెట్టు నాయుడూ, అవి వేడికి తట్టుకుంటాయట" అంది.

గౌరినాయుడు మూడు వారాలు ఆ పని మీదే ఉన్నాడు. ముందు చక్రాల డ్రమ్ములు విప్పి డిస్కులు కూర్చాడు, గొట్టాలన్నీ కొత్తవి వేశాడు. అరవై వేగంలో తొక్కితే బండి జానెడు కూడా పక్కకు లాగకుండా ఆగింది. మేస్త్రి వంగి నాలుగు చక్రాలూ చూశాడు. "డాక్టరమ్మకు కబురు పెట్టు" అన్నాడు.

ఆవిడ మధ్యాహ్నం వచ్చింది. మేస్త్రి ఆవరణ చివర ఖాళీ నూనె డబ్బా ఒకటి నిలబెట్టి, "దాని ముందు ఆపండమ్మా, రోజూ ఆపినట్టే" అన్నాడు. గౌరినాయుడు పక్క సీట్లో కూర్చున్నాడు. ఆవిడ ఎక్కడ తొక్కాలో అక్కడే తొక్కింది. బండి నెమ్మదించింది కానీ ఆగలేదు. సీటులో వెనక్కి ఆనుకుని ఇంకా బలంగా తొక్కింది. గౌరినాయుడు హ్యాండ్ బ్రేకు లాగేలోపే డబ్బా పడి గోడ దాకా దొర్లింది.

"గట్టిగా తొక్కాలమ్మా," అన్నాడతను. "నేను తొక్కితే ఆగిందండి."

ఆవిడ ఇంజను ఆపింది. "అయితే లోపం బండిది కాదు, నాదే. డెబ్బై రెండు దాటాయి. కొండ మీదికి ఇంకెవరినైనా చూసుకోమని చెబుతాలే" అని దిగి తాళాలు అతని చేతికిచ్చింది. ఆ కొండ ఎక్కే డాక్టరు ఇంకెవరూ లేరని అతనికి తెలుసు.

మేస్త్రి గౌరినాయుడు దగ్గరికొచ్చాడు. "ఎవరి కాలితో చూశావురా ఈ బండిని?"

గౌరినాయుడుకు తెలియనిది కాదు. డ్రమ్ములో చక్రం తిరుగుడే బ్రేకు లైనరును డ్రమ్ము గోడకు అదిమి కాలికి సాయం పడుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు. ఇంజను పీల్పుతో కాలి బలాన్ని పెంచే బూస్టరు పెట్టాలి. పాత ఇంజను పక్కన ఆ కొత్త డబ్బా అందం చెడగొడుతుందని అతను మానేశాడు. తన కాలికి దాని అవసరం కనిపించలేదు. అతను గేటు దాకా ఆవిడ వెనకే వెళ్ళాడు.

"తప్పు మీ కాలిది కాదమ్మా, నాది. వచ్చే గురువారం దాకా టైమివ్వండి."

బూస్టరు బిగించాక అతను తన కాలిని నమ్మలేదు. మోకాళ్ళ నొప్పులతో బాధపడే తల్లిని ఇంటి నుంచి ఆటోలో తీసుకొచ్చి, స్టీరింగు ముందు కూర్చోబెట్టి, ఇంజను ఆన్ చేసి తొక్కమన్నాడు. "ఇంతేనా? మెత్తగానే ఉందిరా" అందామె. బండిని నలుగురు వెనక నుంచి నెట్టినా చక్రం కదల్లేదు. ఆ తరవాతే రోడ్డు మీద నడిపి చూసుకుని డాక్టరమ్మకు కబురు చేశాడు.

గురువారం ఆవిడతో పాటు తనూ కొండ ఎక్కాడు, ఆవిడతోనే దిగాడు. సాయంత్రం షెడ్డుకొచ్చి గురువు ముందు నిలబడ్డాడు. మేస్త్రి ఏదో గేరుపెట్టె కడుగుతూ తల ఎత్తకుండా, "డాక్టరమ్మ ఏమన్నారు?" అని అడిగాడు.

"దిగుతున్నంతసేపూ పైన పుట్టిన కవలల గురించే చెప్పారు గురూగారూ. బ్రేకుల మాటే ఎత్తలేదు."

"మరింక ఎవరి మాట కోసం నిలబడ్డావు?" అన్నాడు మేస్త్రి.