ఇరవై పచ్చదీపాలు

కుందవరం రాజు వీరకేతుడికి ఒక పట్టాన ఏదీ నచ్చదు. నచ్చిందా, ఇక ఎవరూ ఆపలేరు. ఆయనకి కరెంటు కారు నచ్చింది. అంతే, లాయంలో గుర్రాలన్నీ సంతకి వెళ్ళిపోయాయి. రాజధాని నుంచి రాణిగారి పుట్టిల్లు కొండకోట దాకా, దారి పొడుగునా ఇరవై ఛార్జింగు స్టేషన్లు వెలిశాయి. "తాంబూలం నమిలేంతలో కారు నిండిపోతుందహో!" అని దండోరా కూడా వేయించారు.

ఆ స్టేషన్ల పెత్తనం మంత్రి భుజంగరాయుడిది. సభలో ఆయన ఆసనం వెనక ఒక పెద్ద పలక, దాని మీద స్టేషనుకి ఒకటి చొప్పున ఇరవై పచ్చదీపాలు. రోజూ పొద్దున్నే మీసం దువ్వుకుని, "ఇరవైకి ఇరవై, ప్రభూ!" అనేవాడు. రాజు వెంటనే శాలువా కప్పేవాడు. ఆ శాలువాలు పెట్టుకోవడానికి రాయుడుగారింట్లో ఇంకో గది కట్టాల్సొచ్చింది.

ఇలా ఉండగా రాజుగారు మరదలి పెళ్ళికి కొండకోటకి బయల్దేరారు. ముహూర్తం ఆ సాయంత్రానికి. ఆయన చేరింది మర్నాడు, అప్పగింతలు కూడా అయిపోయాక, కూరగాయల బండి మీద, వంకాయ బుట్టల మధ్య కూచుని. రాణిగారు ఇప్పటికీ ఆయనతో మాట్లాడ్డం లేదు.

తిరిగొచ్చి రాజు సభలో భగ్గుమన్నాడు. భుజంగరాయుడు తొణకలేదు, పలక చూపించాడు.

"దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి ప్రభూ. తప్పు డ్రైవరు ఓబులేశుది. వాడికి ప్లగ్గు పెట్టడం చేతకాదు."

"అయితే ఎల్లుండి పొద్దుగూకేలోపు వాడు పెళ్ళాం పిల్లలతో పొలిమేర దాటాలి!" అన్నాడు రాజు.

రాజుకి తాంబూలం అందించే పాపన్న ఆకుకి సున్నం రాస్తూ ఇదంతా విన్నాడు. ఓబులేశు అతనికి పన్నెండేళ్ళ నేస్తం. సభ ముగియగానే కారు షెడ్డుకి పరుగెత్తాడు. ఓబులేశు కాపురం అక్కడే. అతని భార్య అప్పుడే గిన్నెలు మూట కడుతోంది.

"ఏం జరిగిందిరా? ఉన్నదున్నట్టు చెప్పు."

"ఏం చెప్పమంటావు పాపన్నా! మొదటిదాంట్లో దీపం ఉంది, కరెంటు లేదు. రెండోదాని తీగ మీద కాపలావాడు పంచెలు ఆరేసుకున్నాడు. మూడోది 'దయచేసి వేచి ఉండండి' అంది. ఉన్నాం. రాజుగారు భోంచేశారు, కునుకు తీశారు, లేచారు. అది ఇంకా అదే మాట మీదుంది!"

"తనిఖీకి ఎవరూ రారా?"

"రాకేం, నెలనెలా వస్తారు. రోడ్డు మీంచే చూస్తారు. దీపం వెలుగుతుంటే పుస్తకంలో టిక్కు పెట్టుకుని పోతారు. ప్లగ్గు ముట్టుకున్నవాణ్ణి నేనైతే చూళ్ళేదు."

"మరి మొన్న మంత్రిగారు తన కరెంటు కార్లోనే కొండకోటకి వెళ్ళి, చెప్పిన వేళకి చేరారే!"

"అదే నాకూ అంతుపట్టడం లేదు."

మంత్రిగారి కారు పక్కనే ఉంది. పాపన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు బంపరు కింద తాడు ఒరుసుకుపోయిన గీతలు కనబడ్డాయి. వాటిని వేలితో తడిమి, వెనక్కి తిరిగి, "మూట విప్పెయ్యమ్మా" అన్నాడు ఓబులేశు భార్యతో.

మర్నాడు సభలో పాపన్న చేతులు జోడించి లేచాడు.

"ప్రభూ, ఇరవైకి ఇరవై అంటే మాటలా! ఇంతటి మనిషికి శాలువాతో సరిపెట్టడం మనకే నామోషీ. రేపు మంత్రిగారు తన కార్లో ఆ దారంతా వెళ్ళాలి. సాయంత్రానికి కొండకోటలో వారి చేతికి బంగారు కంకణం తొడగాలి. వారు వేళకి చేరితే తప్పు ఓబులేశుదే. వాడితోపాటు నేనూ పొలిమేర దాటేస్తాను."

దారి అనగానే భుజంగరాయుడు గుటక మింగాడు. కంకణం అనగానే ఆ గుటక దిగిపోయింది.

"చిత్తం ప్రభూ. సాగనంపడానికి మాత్రం ఎవరూ రావద్దు. ఆడంబరం నాకు గిట్టదు" అన్నాడు.

తెల్లారేసరికి పాపన్న రాజుని తీసుకెళ్ళి ఊరవతల మలుపులో ఒక గట్టు మీద కూచోబెట్టాడు. కొండకోటకి పంపాల్సిన కంకణం రాజు చేతిలోనే ఉంది.

"ఇక్కడెందుకురా?"

"తాంబూలం నమిలేంతసేపు ఓపిక పట్టండి ప్రభూ."

మంత్రిగారి కారు వచ్చింది. వెనకాలే నాలుగు జతల ఎడ్లు వచ్చాయి. తోలేవాడి భుజాన లావుపాటి మోకు. రాజు అడ్డంగా నిలబడేసరికి రాయుడు కారు దిగక తప్పలేదు.

"ఎడ్లా... ఊరేగింపు శోభకి ప్రభూ!"

"శోభకైతే మెడలో గంటలుండాలి గదా బాబూ. భుజాన ఈ మోకెందుకు?" అన్నాడు పాపన్న తోలేవాడితో.

ఎడ్లు తోలేవాడు పాపం అమాయకుడు. చేతులు కట్టుకుని అందుకున్నాడు.

"మామూలే గద సామీ! దొరగారు ఎప్పుడు ఈ దారిన పోయినా మేం ఎనకే ఉంటాం. మూడో టేషను కాడ కట్టమంటారు. కొండకోట కనపడంగానే ఇప్పెయ్యమంటారు."

రాజుకి వంకాయల బుట్టలు కళ్ళముందు తిరిగినట్టున్నాయి. పాపన్న మెల్లిగా ఆకు చుట్టి అందించాడు.

"మంత్రిగారు తమర్ని దీపాల్ని నమ్ముకుని పొమ్మన్నారు ప్రభూ. తాను మాత్రం ఎడ్లని నమ్ముకున్నారు!"

"పారెయ్యండిరా ఆ మోకు!" అని గర్జించాడు రాజు. "రాయుడూ, ఇరవై స్టేషన్లలోనూ నీ చేత్తో ప్లగ్గు పెట్టుకుంటూ కొండకోటకి పో. కారు తనంతట తాను చేరిన రోజే నీ మొహం చూపించు. శాలువాలు వెంట తీసుకెళ్ళు, దారిలో చలేస్తుంది. ఓబులేశు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇకనుంచి ఆ స్టేషన్ల తనిఖీ కూడా వాడిదే!"

భుజంగరాయుడి మీసం కిందికి జారింది. రాజు కంకణం పాపన్న ముందుకి చాపాడు.

"ఇది నీది."

పాపన్న దాన్ని కళ్ళకద్దుకుని, నేరుగా వెళ్ళి మొదటి జతలోని ఎర్ర ఎద్దు కొమ్ముకి తొడిగాడు.

"ఈ దారిలో ఇరవైకి ఇరవై పనిచేసింది ఇవే ప్రభూ!"

రాజు నవ్విన నవ్వుకి నోట్లో తాంబూలం కాస్తా మంత్రిగారి కొత్త శాలువా మీద పడింది. అలా నవ్వుతూనే తన మెళ్ళో ముత్యాలహారం తీసి పాపన్న మెళ్ళో వేశాడు.