కొమ్ముబూర బొల్లయ్య ఏనుగైన వైనం

ఆ రాజ్యం పేరు అడక్కండి, చెప్పను. చెబితే అక్కడివాళ్లు "మా రాజుగారి పరువు తీస్తావా!" అంటూ నా మీదికి కర్రలు పట్టుకొస్తారు. ఏదో ఒక రాజ్యం, దానికొక రాజు. ఆయన పేరు ధీరకేతు మహారాజు.

ఆయనకొక గొప్ప ఉండేది. "మాకు సందేహమనేది పుట్టనే పుట్టదు" అని రోజుకొకసారైనా సభలో అనకపోతే ఆయనకి అన్నం సయించేది కాదు. మంత్రి బేతనామాత్యుడు వెంటనే "పుట్టదు ప్రభూ, పుట్టదు" అనేవాడు. సభవాళ్లంతా తలలూపేవారు. ఊపక ఏం చేస్తారు పాపం!

ఆ మంత్రి ఒక శాసనం చేశాడు. కొలువులో పనిచేసినవాడు మంచాన పడితే మందూ గంజీ దగ్గర్నుంచి, లేపి కూర్చోబెట్టే మనిషి దాకా అన్నీ కొలువే చూసుకుంటుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదూ? ఆగండి. ఏమీ లేనివాడికే అది ఉచితం. ఇల్లో పొలం చెక్కో ఉన్నవాడైతే ముందు ఆ ఇల్లూ ఆ చెక్కా కొలువుకి అప్పగించాలి, తర్వాతే గంజి. పోనీ పెళ్లాం పేర పెడదామా అంటే, జబ్బు చేశాక ఇస్తే చెల్లదు, చెయ్యకముందే ఇచ్చి ఉండాలి. "జబ్బు ఎప్పుడు చేస్తుందో ముందుగా ఎలా తెలుస్తుందండీ?" అని ఎవరో అడిగితే, "ఆ సంగతి శాసనంలో లేదు" అన్నాడట మంత్రి. ఇప్పటికీ నాకు ఆ ముక్క అర్థం కాలేదు. మీకైతే చెప్పండి.

ఈ శాసనం వచ్చి వచ్చి కొమ్ముబూర బొల్లయ్య నెత్తిన పడింది. రాజుగారి ఊరేగింపు కదిలిందంటే పట్టపుటేనుగు భద్రుడి ముందు నడుస్తూ, వంపు తిరిగిన నిలువెత్తు కొమ్ముబూర ఊదేది ఇతనే. ఒకనాడు ఊదుతూ ఊదుతూ కూలబడ్డాడు. కుడిపక్క చచ్చుబడిపోయింది, మూతి వంకరపోయింది.

అతని భార్య పోలమ్మ ఏడ్చుకుంటూ కూచన దగ్గరికొచ్చింది. కూచన అంటే కొలువులో హాస్యగాడు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం.

"కూచనయ్యా, రేపు మంత్రిగారి మనుషులొచ్చి ఇంటికి తాళమేస్తారంట. ఆయన్ని వైద్యశాలకి మోసుకుపోతారంట, నన్ను బయటికి నడవమంటారంట. మీ సాయమూ వద్దు, మా ఇల్లు మాకొదిలెయ్యండి అందామంటే, అంత మనిషిని నేనొక్కదాన్నే పొర్లించలేను, లేపలేను. ఇల్లు కావాలంటే మొగుడు పోతాడు, మొగుడు కావాలంటే ఇల్లు పోద్ది. నాకేం తోచట్లేదయ్యా!"

"నాకూ తోచట్లేదమ్మా" అన్నాడు కూచన. నిజంగానే తోచలేదు.

ఏం చెయ్యాలో తెలీక తిరుగుతూ తిరుగుతూ ఏనుగుల సాల దగ్గరికొచ్చాడు. భద్రుడు ముసలిదైపోయి, ఈమధ్యే ఊరేగింపులు మానేసి, తీరిగ్గా చెరకు నములుతోంది.

"ఇది ఇప్పుడు ఏ పనీ చెయ్యదు కదా, దీనికి మేత ఎవరిస్తున్నారు?" అని మావటిని అడిగాడు.

"భలేవారే! దీన్ని గున్నగా తెచ్చిన రోజునే దీని పేర మాన్యం విడిగా తీసిపెట్టారు కదయ్యా. అందులో పండేదంతా దీని ముసలితనానికే. ఎంత కరువొచ్చినా దాన్ని ఎవరూ ముట్టుకోరు. పక్క సాలలో దీని జోడు ఉంది, దాన్నీ ఎవరూ కదపరు."

"అమ్మయ్య!" అన్నాడు కూచన. మావటికేం అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే రాజుగారు మంత్రిని వెంటబెట్టుకుని సాలకొచ్చారు. తన చేత్తో భద్రుడికి బెల్లం పెట్టడం ఆయనకి అలవాటు. చూస్తే పక్క గదిలో నులకమంచం. దాని మీద, తెల్లవారకముందే కూచన మోయించుకొచ్చిన బొల్లయ్య. మెడలో గంట, నుదుటిన రంగుల ముగ్గు, కాలికి గొలుసు, తలాపున చెరకు మోపు.

"ఏమిటిది?" అన్నారు రాజుగారు.

"కొత్త ఏనుగు ప్రభూ" అన్నాడు కూచన, చేతులు కట్టుకుని.

మంత్రి మండిపడ్డాడు. "నీకు మతి పోయిందా? ఏనుగైతే తొండమేదీ?"

కూచన కొమ్ముబూర తెచ్చి బొల్లయ్య మూతికి ఆనించాడు. బొల్లయ్య ఎడమ చేత్తో పట్టుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాడు. బుస్సుమని ఏదో కాస్త చప్పుడొచ్చింది. అంతే! జీవితమంతా ఆ కూత వెనకే నడిచిన భద్రుడు చెవులు రిక్కించి, సాల అదిరేటట్టు ఘీంకరించింది.

"విన్నారా? తన జాతిని గుర్తుపట్టడం ఏనుగుకి బాగా తెలుసా, మంత్రిగారికా?"

రాజుగారు ఒకసారి ఏనుగుని, ఒకసారి బొల్లయ్యని చూశారు. చేతిలో బెల్లం ఎవరికి పెట్టాలో ఆయనకి తేలలేదు.

"ఇతను మనిషే కదటయ్యా!" అన్నారు చివరికి.

"నేనూ నిన్నటిదాకా అలాగే అనుకున్నాను. తీరా చూస్తే అంతా గందరగోళంగా ఉంది ప్రభూ. ఇద్దరూ మీ ఊరేగింపులోవాళ్లే, ఇద్దరికీ ఒంట్లో ఓపిక పోయింది. ఒకరికేమో మాన్యముంది, సేవకుడున్నాడు, జోడుని ఎవరూ కదపరు. ఇంకొకరికి ఇవాళ ఇల్లు పోతోంది, ఆలి వీధిన పడుతోంది. ఇందులో మనిషెవరో, ఏనుగెవరో నాకు తెలియలేదు. సందేహం పుట్టనివారు తమరే కదా, తమరే సెలవియ్యండి."

మంత్రి అందుకున్నాడు. "మనిషికి పిల్లలుంటారు, చూసుకుంటారు. ఏనుగుకెవరున్నారు?"

"బాగుంది మంత్రిగారూ! ఇల్లు తమరు లాక్కున్నాక ఆ పిల్లలు తండ్రిని ఏ చెట్టుకింద పడుకోబెట్టి చూసుకోవాలి?"

రాజుగారికి చిరాకేసింది. "చాలించండి! ఏనుగు ముసలిదవుతుందని మాకు ముందే తెలుసు. అందుకే మాన్యమిచ్చాం. ఇందులో సందేహమేముంది?"

"ఏమీ లేదు ప్రభూ. మరి మనిషి ముసలివాడవుతాడన్న సంగతి కొలువులో ఎవరికీ తెలియదా?"

రాజుగారు మంత్రి వైపు చూశారు. మంత్రి భద్రుడి వైపు చూశాడు. భద్రుడు బెల్లం వైపు చూస్తోంది.

"ఏమోనయ్యా" అన్నారు మహారాజు.

ఆ మాట ఆయన నోట మొట్టమొదటిసారి వచ్చింది. మావటి భయపడి నాలుగడుగులు వెనక్కి వేశాడు. కానీ రాజుగారికి తన మాట తనకే వింతగా వినపడి, ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు.

"మంత్రీ, రాసుకో! ఇకమీదట కొలువులో చేరే ప్రతివాడికీ, చేరిన రోజునే ముసలితనానికని ఒక చెక్క తీసిపెట్టాలి. అతని జీతంలో కొంత, మా ఖజానాలో కొంత దాని సాగుకి కలపాలి. ఎవరు మంచాన పడ్డా సరే, ఆలుబిడ్డలు తల దాచుకునే ఇంటి జోలికి పోకూడదు."

"మరి ఇప్పటికే ముసలివాళ్లయినవాళ్ల మాట, ప్రభూ?" అన్నాడు మంత్రి నీరసంగా.

"వాళ్లంతా ఏనుగులే! మేత పెట్టు, సేవకుణ్ణి ఇంటికి పంపించు."

రాజుగారు భుజం మీది జరీ శాలువా తీసి కూచనకి కప్పారు. "ఇంకేం కావాలో కోరుకో."

"నాకూ ఒక చెక్క ఇప్పించండి ప్రభూ."

"నీకా? దుక్కలా ఉన్నావు కదయ్యా!"

"దుక్కలా ఉన్నప్పుడే ఇప్పించండి. పడ్డాక అడగడానికి అప్పుడు నాకు నోరుంటుందో లేదో."

రాజుగారు మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు సగంలో ఆగింది. బొల్లయ్య వంకర మూతిని కాసేపు చూసి, "నీకే కాదు, నా పేర కూడా ఒకటి తీసిపెట్టిస్తాను" అన్నారు మెల్లగా.

అప్పుడొచ్చింది పోలమ్మ, రొప్పుకుంటూ. ఎవరేం చెప్పినా ఆమె తలకెక్కలేదు. మాన్యమంటారు, మేతంటారు, ఏనుగంటారు. చివరికి రాజుగారి కాళ్ల దగ్గర కూలబడింది.

"మా ఆయన ఏనుగైతే కానివ్వండి బాబూ, నాకేం అభ్యంతరం లేదు. రాత్రికి మేం మా ఇంట్లోనే పడుకోవచ్చా?"

"పడుకోవచ్చమ్మా" అన్నారు రాజుగారు.

పోలమ్మ భోరుమని ఏడ్చేసింది. తర్వాత ముక్కు చీదుకుని లేచి, మొగుడి కాలి గొలుసు విప్పమని మావటిని కసిరింది.