రత్నం అడగని ప్రశ్న

కాకినాడకు ఉత్తరంగా, సముద్రపు ఒడ్డున ఉన్న కోనపాలెంలో నూకరత్నం అనే అమ్మాయి ఉండేది. కంప్యూటర్ పనిలో గట్టిదే గాని, తనకు రాని సంగతి రాదని ఒప్పుకోవాలంటే ఆమెకు ప్రాణం పోయినంత భయం.

ఈ భయం ఆమెకు ఏడో తరగతిలో పట్టుకుంది. ఒకరోజు లెక్కల పీరియడ్‌లో లేచి, అందరికీ తెలిసిన సంగతే అడిగింది. తరగతి అంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వారు. ఆ తర్వాత రత్నం ఎవరినీ ఏమీ అడగలేదు. అర్థమైతే తల ఊపేది, అర్థం కాకపోయినా తల ఊపేది. ఇంటికి వెళ్ళి పుస్తకాలతో కుస్తీ పట్టి ఎలాగో నేర్చుకునేది. తెలివైన పిల్ల కాబట్టి చాలాకాలం అలాగే నెట్టుకొచ్చింది. చదువు పూర్తయింది. కాకినాడలో ఒక కంప్యూటర్ ఆఫీసులో ఉద్యోగమూ దొరికింది. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఆమెను మించినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

రత్నాన్ని చిన్నప్పటి నుంచి పెంచింది మేనమామ పోలయ్య. ఆయన ఇంకో నలుగురితో కలిసి రోజూ బోటు మీద వేటకు వెళ్ళేవాడు. సముద్రం మీద ఉన్నట్టుండి లేచే ఈదురుగాలి అంటే ఆ ఊళ్ళో అందరికీ హడలే. అందుకే వాళ్ళంతా ఫోన్లలో 'గాలికబురు' అనే ప్రోగ్రాం పెట్టుకున్నారు. అది ఏ కంపెనీదీ కాదు. కొందరు జీతం భత్యం ఆశించకుండా కలిసి రాసి, అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. దాన్ని ఎవరైనా చదవచ్చు, చేతనైతే బాగుచేయవచ్చు. తీరం పొడవునా ఉన్న పరికరాల నుంచి అది పది నిమిషాలకోసారి గాలివేగం తెప్పించుకునేది. ప్రమాదం ఉంటే బోటులోని ఫోన్‌కు కబురు పంపేది. మాట్లాడేంత సిగ్నల్ లేని చోట కూడా ఆ కబురు ఎలాగో దూరేది. అప్పుడు ఇంజిన్ హోరులో సైతం వినబడేలా ఫోన్‌లో సైరన్ మోగేది.

ఒకనాడు పోలయ్య అన్నం తింటూ గొణిగాడు. ఊరి జెట్టీ మీద గాలిని కొలిచే పరికరం కొత్తగా పెట్టారట. ప్రోగ్రాం మాత్రం ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉన్న పరికరాన్నే చూస్తోందట. గాలి నెత్తిన పడ్డాక కబురొస్తే ఏం లాభమన్నాడు.

"నేను చేసిపెడతాను మావయ్యా" అంది రత్నం.

పోలయ్య పొంగిపోయాడు. చెయ్యి కడుక్కోక ముందే పక్కింటివాళ్ళకు చెప్పేశాడు. ఇక వెనక్కి తగ్గడానికి దారి లేకపోయింది.

మరునాడు రత్నం గాలికబురు లోపలి రాతను తెరిచి చూసింది. అది పైథాన్‌లో లేదు. రస్ట్ అనే భాషలో ఉంది. ఆ భాష ఆమె ఎన్నడూ నేర్చుకోలేదు. పైథాన్‌లో తప్పు రాసినా ప్రోగ్రాం నడుస్తుంది, తప్పు ఎదురైనప్పుడే పడిపోతుంది. రస్ట్‌లో అలా కుదరదు. రాసినదాన్ని నడిపించక ముందే కంపైలర్ అనే తనిఖీ సాధనం ప్రతి వాక్యాన్నీ నిలదీస్తుంది. రత్నం రాసిన వాక్యాన్ని కూడా అది నిలదీసింది. జెట్టీ నుంచి గాలివేగం తెప్పించమన్నావు సరే, ఒకవేళ అది రాకపోతే ఏం చేయమంటావని అడిగింది. సమాధానం ఎలా రాయాలో రత్నానికి తెలియదు. పదిసార్లు మార్చింది. పదిసార్లూ కంపైలర్ అదే ప్రశ్న వేసింది. ఆమెకు ఏడో తరగతి గది గుర్తొచ్చింది.

నిజానికి ఆమె భయపడాల్సిన పని లేదు. గాలికబురు వాళ్ళకు ప్రశ్నల పేజీ అని ఒకటి ఉండేది. ఎంత చిన్న సందేహమైనా అక్కడ అడగవచ్చు. రత్నం ఆ పేజీకి వెళ్ళింది, ప్రశ్న టైపు చేసింది, తన పేరు పక్కన దాన్ని ఒకసారి చూసుకుంది, మొత్తం చెరిపేసింది. ఇలా వారంలో నాలుగుసార్లు జరిగింది.

చివరికి ఎవరో రాసిన మరో ప్రోగ్రాంలో 'అన్‌రాప్' అనే మాట ఆమె కంటపడింది. దాన్ని తెచ్చి తన వాక్యం చివర తగిలించింది. కంపైలర్ వెంటనే నోరు మూసుకుంది. ఆ మాటకు అర్థం ఇది: అడిగినది తప్పకుండా వస్తుంది, రాకపోతే ప్రోగ్రాం మొత్తాన్ని అక్కడికక్కడే ఆపేయి. అంత పెద్ద మాటను రత్నం అర్థం తెలుసుకోకుండానే వాడేసింది. నోరు మూయించింది కదా, అదే చాలనుకుంది.

గాలికబురు బాగోగులు చూసేది హైమవతి గారు. అనకాపల్లిలో కాలేజీ పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ. ఎవరు ఏ మార్పు పంపినా ఆవిడ చదివి, ఒకటి రెండు ప్రశ్నలు అడిగి, తృప్తి కలిగాకే ప్రోగ్రాంలో కలిపేవారు. రత్నం పంపినదాని కింద కూడా ఒక ప్రశ్న రాశారు: "జెట్టీ నుంచి గాలి లెక్క రాకపోతే ఏమవుతుంది, రత్నం గారూ?"

కంపైలర్ అడిగిన ప్రశ్నే ఇప్పుడు మనిషి అడిగింది. రత్నం "ఆ సంగతి చూసుకున్నాను మేడమ్" అని జవాబు రాసింది.

ఆ ఊరి పిల్ల, ఆ జెట్టీ సంగతి ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని హైమవతి గారు నమ్మారు. మార్పును కలిపేశారు.

నలభై రోజులు అంతా సాఫీగా సాగింది. రెండుసార్లు ఈదురుగాలి వచ్చింది, రెండుసార్లూ కబురు ముందే అందింది. జాలర్లు రత్నాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మా మేనకోడలు రాసిందని పోలయ్య కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఎవరైనా అదెలా చేశావని అడిగితే రత్నం మాట తప్పించేది. ఆ వాక్యాన్ని మళ్ళీ తెరిచి చూసే ధైర్యం కూడా చేయలేకపోయింది.

అక్టోబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆఫీసు కిటికీ తలుపు దభాలున కొట్టుకుంది. రత్నం తలెత్తి చూసింది. తూర్పున ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది. ఫోన్ చూసుకుంది. గాలికబురు నుంచి ఏమీ లేదు. ఇంత గాలికి సైరన్ మోగి తీరాలి. ఆమె ప్రోగ్రాం పేజీ తెరిచింది.

ఒంటిగంటా పది నిమిషాలకు గాలికబురు ఆగిపోయింది. జెట్టీ మీద కరెంటు పోయి, పరికరం నుంచి లెక్క రాలేదు. ప్రోగ్రాం ఏ వాక్యం దగ్గర ఆగిందో కూడా అక్కడ రాసి ఉంది. అది రత్నం వాక్యమే. ఆ ఒక్క మాట వల్ల తీరమంతటికీ కబుర్లు ఆగిపోయాయి. సముద్రం మీద ఉన్నవాళ్ళకు ఈ సంగతి తెలియదు. సైరన్ మోగలేదంటే గాలి లేదని వాళ్ళ ధీమా. ఆ వేళప్పుడు కోనపాలెం బోట్లు ముప్ఫై దాకా లోపల ఉన్నాయి. వాటిలో పోలయ్య బోటు ఒకటి.

ఆమె మామయ్యకు ఫోన్ చేసింది. కలవలేదు. సందేశం పంపింది. పాలిథిన్ సంచిలో చుట్టి పెట్టిన ఫోన్ టింగుమంటే ఆ హోరులో ఎవరికి వినబడుతుంది? సైరన్ ఒక్కటే దిక్కు.

అంతలో హైమవతి గారి దగ్గర నుంచి పేజీలో రెండు వాక్యాలు వచ్చాయి. "రత్నం గారూ, మీరు రాసినచోట ఆగింది. పాతదానికి వెనక్కి తిప్పేయమంటారా, మీరు సరిచేస్తారా?"

గాలికబురు వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు నేను చూస్తున్నానంటే మిగతావాళ్ళు చెయ్యి పెట్టరు. ఇద్దరు ఒకేసారి చెయ్యి పెడితే పని మరింత చెడుతుందని అలా పెట్టుకున్నారు. ఇక వెనక్కి తిప్పడమంటే, ఫలానా నూకరత్నం చేసిన మార్పును తొలగించామని అందరికీ కనిపించేలా శాశ్వతంగా ఉండిపోతుంది. రత్నం కళ్ళముందు ఆ ఒక్క ముక్కే కనిపించింది. తరగతి మొత్తం మళ్ళీ నవ్వినట్టయింది.

"వద్దు మేడమ్. నేనే చూస్తున్నాను. రెండు నిమిషాలు" అని రాసింది.

హైమవతి గారు చెయ్యి తీశారు. రత్నం అన్‌రాప్ అనే మాటను చెరిపింది. కంపైలర్ వెంటనే పాత ప్రశ్నే వేసింది: లెక్క రాకపోతే ఏం చేయమంటావు? ఆమె ఏదో రాసింది. కాదంది. ఇంకోటి రాసింది. అదీ కాదంది. రెండు నిమిషాలు పదయ్యాయి, పది ఇరవై అయ్యాయి. బయట రోడ్డు మీద రేకులు ఎగిరిపడుతున్న చప్పుడు వినిపించింది. ఆమె అక్షరాలు తప్పు నొక్కుతోంది. చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదువుతోంది. ఎలా ఉందని హైమవతి గారు అడిగారు. అయిపోవచ్చిందని రత్నం రాసింది. అది ఆమె ఆడిన మూడో అబద్ధం.

రెండు గంటలు కావస్తుండగా కిటికీ అద్దం భళ్ళున పగిలి ఆఫీసులోకి వాన కొట్టింది. అందరూ గోడ వైపు పరిగెత్తారు. నాలుగు గోడల మధ్య ఉన్న తనకే ఇంత భయంగా ఉంటే, నీళ్ళ మీద ఉన్న మామయ్యకు ఎలా ఉంటుందో అన్న ఆలోచన రత్నానికి అప్పుడు వచ్చింది. ఆమె ఏడుస్తూ టైపు చేసింది:

"నాకు ఈ భాష రాదు. ఆ మాటకు అర్థం తెలియకుండానే పెట్టాను. మీరడిగితే అబద్ధం చెప్పాను. వెంటనే వెనక్కి తిప్పేయండి."

పేజీలో ఎవరూ నవ్వలేదు. హైమవతి గారు మూడు నిమిషాల్లో పాతదానికి తిప్పేశారు. రత్నం ఫోన్‌లో సైరన్ మోగింది. సముద్రం మీద ముప్ఫై బోట్లలోనూ మోగి ఉంటుందని దేవుడికి దండం పెట్టుకుంది.

వానలో తడుస్తూ ఆమె కోనపాలెం చేరేసరికి ఊరంతా ఒడ్డునే ఉంది. బోట్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటాలు గోడల్లా లేస్తున్నాయి. బోట్లు ఒడ్డుకు రావాలంటే ఆ మొగ దాటాల్సిందే. ఆడవాళ్ళు వచ్చిన బోటునల్లా వేళ్ళ మీద లెక్కపెడుతున్నారు. ఇరవై దాటాయి. ఇరవై అయిదు దాటాయి. పోలయ్య బోటు లేదు. అత్తయ్య ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, నీ కబురు అందే ఉంటుందిలే అమ్మా అని ధైర్యం చెబుతోంది. ఆ ధైర్యం రత్నాన్ని కోసేసింది.

చివరి బోటు నాలుగున్నరకు వచ్చింది. అది పోలయ్యది కాదు. అందులో తొమ్మిది మంది ఉన్నారు. అయిదుగురు తడిసి ముద్దై, బోటు అడుగున పడి ఉన్నారు. వాళ్ళలో పోలయ్య ఉన్నాడు. ఆయన బోటు మొగలో బోల్తా కొట్టి, రాళ్ళకు తగిలి ముక్కలైంది. వెనకే వస్తున్న ఈ బోటువాళ్ళు లాగడంతో ప్రాణాలు దక్కాయి. కుడిచెయ్యి మోచేతి దగ్గర నుజ్జునుజ్జయింది.

ఆసుపత్రిలో కట్టు కట్టాక, పోలయ్య చుట్టూ ఉన్నవాళ్ళకు జరిగింది చెప్పాడు. సైరన్ రాగానే వెనక్కి తిరిగారట. అప్పటికే మొగలో నీళ్ళు లేచిపోయాయట. ఒక్క అరగంట ముందు మోగుంటే హాయిగా దాటేసేవాళ్ళమని అన్నాడు. ఎవరినీ తప్పుబట్టలేదు. అదంతా గాలి చేసిన పని అనుకుంటున్నాడు.

అందరూ వెళ్ళేదాకా రత్నం గోడకు ఆనుకుని నిలబడింది. నోరు విప్పకపోతే ఈ సంగతి ఆయనకు ఎప్పటికీ తెలియదు. ఆమె మంచం పక్కన కూర్చుంది.

"మావయ్యా, ఆ అరగంట నేను తినేశాను" అంది. మొదటి నుంచి చివరిదాకా ఏదీ దాచకుండా చెప్పింది.

పోలయ్య కట్టు కట్టిన చేతివంక చూశాడు. ఇరవై ఏళ్ళుగా బోటు నడిపిన చెయ్యి అది. తిడితే బాగుండునని రత్నానికి అనిపించింది.

"మొగ దాటేటప్పుడు ఒకడు బోటు ముందర నిలబడి దారి చూస్తాడు" అన్నాడు. "కెరటం అడ్డొచ్చి దారి కనపడకపోతే, కనపడతాలేదని గట్టిగా అరవాలి. ఆడి మాటకే ఎనకోడు ఇంజిను తగ్గిస్తాడు. అలా అరిచినోణ్ణి చూసి ఎవడూ నవ్వడమ్మా. కనపడకుండా కనపడినట్టు చెయ్యూపినోణ్ణి మాత్రం ఇంకెప్పుడూ ముందర నిలబెట్టం."

ఆ తర్వాత ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ చెయ్యి మళ్ళీ చుక్కాని పట్టలేదు.

పోలయ్య ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున రత్నం ప్రశ్నల పేజీ తెరిచింది. తన పేరు పక్కనే ప్రశ్న రాసింది: "గాలి లెక్క రాకపోతే ఏం చేయాలో రస్ట్‌లో ఎలా చెప్పాలి? నాకు తెలియదు." ఈసారి చెరపలేదు, పంపే మీట నొక్కింది. హైమవతి గారు అయిదు వాక్యాల్లో జవాబు చెప్పారు. అది నేర్చుకోవడానికి రత్నానికి పట్టింది పావుగంట.

తెలియదని చెప్పడానికి కావలసింది ఒక్క క్షణం ధైర్యం. తెలియనిదాన్ని తెలిసినట్టు దాచిపెడితే, ఆ బాధ పడేది మనల్ని నమ్మినవాళ్ళు.