కొయుకి కొరుక్కున్న తోక

అనగనగా జపాను దేశంలో, చలికాలమంతా మంచు కురిసే ఒక కొండ అడవి. అందులో ఒక కోతుల గుంపు ఉండేది. ఆ కోతుల తోకలు పొట్టివి. మీ అరచెయ్యంత కూడా ఉండవు.

ఆ గుంపులో కొయుకి అనే పిల్లకోతి ఉండేది. అది పుట్టింది ఆ కొండమీదే, పెరిగిందీ ఆ కొండమీదే. కాకపోతే దాని తండ్రి దక్షిణాన ఏదో దీవి నుంచి వచ్చాడు. ఆ తండ్రి పోలికతో కొయుకికి బారెడు తోక వచ్చింది. పాపం, అదేమన్నా అడిగి తెచ్చుకుందా?

చలి ముదిరితే ఆ కోతులన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దగా కూర్చుంటాయి. అలా కూర్చుంటేనే బతుకుతాయి. తల్లి ఉన్నన్నాళ్లూ కొయుకిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని తోకను తన పొట్టకింద దాచేది. ఆ ఏడు చలికాలం మొదట్లోనే తల్లి చనిపోయింది.

ఒకనాటి సాయంత్రం పెద్ద మంచుతుఫాను వచ్చింది. కోతులన్నీ ముద్దకట్టాయి. కొయుకి పరుగెత్తుకుంటూ వెళ్లి, గుంపుకి పెద్దదైన ముసలి కోతి ఒటాకె ముందు నిలబడింది.

"కాస్త చోటివ్వవా అవ్వా?" అని అడిగింది.

"నీ తోక మాలో ఇమడదే పిల్లా. ఆ సందులోంచి గాలి దూరుతుంది," అంది ఒటాకె. "మీ ఊరు వెచ్చటి ఊరట కదా. అక్కడికే పోరాదూ?"

"నా ఊరు ఇదే కదవ్వా. ఆ దీవి ఎటువైపుందో కూడా నాకు తెలీదు."

"మా భాష ఎంత బాగా నేర్చుకున్నావే," అని పక్కనున్న కోతి మెచ్చుకుంది.

ఆ మెచ్చుకోలు కొయుకిని చలికన్నా ఎక్కువ బాధపెట్టింది. పుట్టినప్పటినుంచీ దానికి వచ్చిన భాష అదొక్కటే.

అడ్డంకంతా తోకేనని కొయుకి నమ్మింది. బండ చాటుకి పోయి, పళ్లు బిగించి, తన తోకను తానే కొరికేసుకుంది. ఎంత నొప్పి పుట్టిందో పాపం! నెత్తురోడుతూనే అది తిరిగొచ్చింది.

"ఇప్పుడు ఇముడుతాను అవ్వా," అంది.

ఒటాకె ఆ గాయం చూసి ముఖం తిప్పుకుంది. "మా తోకలు పుట్టుకతో పొట్టివి. నీది కొరికిన తోక. మాలో ఎవరైనా ఇలాంటి పని చేస్తారా? నువ్వు వేరని దీంతోనే తెలిసిపోతోంది."

"మరి నేనేం చెయ్యాలవ్వా?"

లోపలున్న కోతులు కళ్లు మూసుకున్నాయి. చోటు లేక కాదు, జరగడానికి మనసు రాలేదు.

కొయుకి ఆ ముద్దకి జానెడు దూరంలో, మంచులో ముడుచుకుని కూర్చుంది. దానికి పోవడానికి ఇంకో చోటు లేదు.

తెల్లారేసరికి తుఫాను వెలిసింది. కోతులన్నీ లేచాయి, కొయుకి లేవలేదు. అటుగా పోతున్న అవతలి కొండ కోతి ఆగి, "అయ్యో, ఎవరి పిల్ల ఇది?" అని అడిగింది.

ఒటాకె కళ్లు తుడుచుకుంది. "మా పిల్లే," అంది. "ఇక్కడే పుట్టింది. చాలా మంచిది."

ఆ ముక్క నిన్న సాయంత్రం అని ఉంటే పిల్ల బతికేది.

నీతి: మన మధ్య పుట్టి పెరిగినవాళ్లని బతికుండగానే మనవాళ్లనాలి. పోయాక అంటే వినడానికి వాళ్లుండరు.