తొట్టి కింద పలకలు

పొగలు కక్కే కొండ కింద నలభై ఇళ్లున్నాయి. ముప్పై తొమ్మిది ఇళ్ల గోడలు ఒక్క ముసలి మేస్త్రీ కట్టినవే. కొండవారన ఉన్న మిగిలిన ఇల్లు అతని తమ్ముడు కట్టుకున్నాడు.

మేస్త్రీ వాకిట్లో ఒక రాతి తొట్టి ఉంది. దాని లోపల చుట్టూ గీత చెక్కి ఉంది. ఏడాదికోసారి, పని మొదలుపెట్టే ముందు, గీత దాకా నీళ్లు పోసి మట్టం చూసుకోవాలి. నీళ్లు గీత మీద సమంగా నిలిస్తేనే ఆ ఊళ్లో తాపీ ముట్టుకోవాలి. అది తాతల నాటి కట్టడి.

పద్దెనిమిదేళ్ల కిందట తమ్ముడి గోడ వాలింది. మేస్త్రీ వెళ్లి దారానికి కట్టిన గుండు వదిలి చూశాడు. బెత్తెడు కాదు, వేలెడు కాదు, గోరంత తేడా. గోరంతైనా తేడా తేడానే. తమ్ముణ్ణి నలుగురిలో నిలబెట్టి, నా దగ్గర పని నేర్చి నా పేరే చెడగొట్టావన్నాడు. తాపీ లాక్కున్నాడు. ఆనాటి నుంచి మాటల్లేవు. ఎదురుపడితే మేస్త్రీ పక్కకు తిరిగి గోడ చూసేవాడు. చూడ్డానికి ఏదో ఒక గోడ ఎప్పుడూ ఉంటుంది కదా.

ఆ ఏడాదే తొట్టిలో నీళ్లు కూడా తూర్పుకు ఒరిగాయి. కింద మట్టి కుంగిందనుకుని, తూర్పు అంచు కింద పల్చటి రాతి పలక ఒకటి దోపాడు. సరిపోయింది. మరుసటేడు మళ్లీ ఒరిగాయి, మళ్లీ దోపాడు. ఎవరికీ చెప్పలేదు. మట్టి కుంగితే చెప్పేదేముంది?

మూడేళ్ల కిందట కొలతల మనిషి ఒకావిడ వచ్చి, కొండ చుట్టూ బండల్లో ఇత్తడి మేకులు దిగ్గొట్టింది. ఏటా వచ్చి ఏ మేకు ఎంత జరిగిందో, ఎంత లేచిందో కొలిచేది. ఈసారి కొలిచాక, అడుగున నిప్పు నేలను పైకి నెడుతోందనీ, నూనెలో పూరీలా నేల ఉబ్బుతోందనీ, ఊరు ఖాళీ చేస్తే మంచిదనీ చెప్పింది.

ఊరు నవ్వింది. మా ఎద్దుకున్నంత వయసు లేదు నీ మేకులకు, వాటి మాట విని పొమ్మంటావా అన్నారు. ఆమె కూడా తడబడింది. ఈ ఉబ్బు ఇంతటితో ఆగేదో, ఏటేటా పెరిగేదో మూడేళ్ల కొలతలతో తేల్చలేనంది. మేస్త్రీని అడుగుదామన్నారు జనం. ఆయన ఉండమంటే ఉంటాం, పొమ్మంటే పోతాం.

మేస్త్రీ తన ఇంటి గోడకే గుండు వదిలాడు. గోరంత కాదు, వేలెడు. మళ్లీ వదిలాడు. దారం మార్చి వదిలాడు. వేలెడే. నేల ఒరిగిందంటే తమ్ముడి తప్పు లేనట్టే. పనిలో లోపమంటే తన పనిలోనూ లోపమున్నట్టే. గుండు అబద్ధమాడదు. తన చెయ్యీ అబద్ధమాడదు. మరి ఆడిందెవరు?

కొలతల మనిషి గీత దాకా నీళ్లున్న తొట్టి దగ్గర ఆగిపోయింది.

"తాతా, ఊరంతా ఒరిగితే ఇదొక్కటి మట్టంగా ఎలా ఉంది?"

మేస్త్రీ తొట్టి కిందికి చెయ్యి పోనిచ్చి పలకలు ఒక్కొక్కటే లాగాడు. పద్దెనిమిది. మొదట దోపినవి ఆకంత పల్చన. చివర దోపినవి జొన్నరొట్టెంత మందం. నీళ్లు తూర్పు అంచు దాటి వాకిట్లోకి కారిపోయాయి.

ఆమె వాటిని వరసగా పేర్చింది. ఏటేటా ఎంత పెరిగిందో గుడ్డివాడికైనా తడిమితే తెలుస్తుంది. ఇక ఎవరూ నవ్వలేదు.

మేస్త్రీ తమ్ముడి ఇంటికి నడిచాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"సామాను కట్టుకోరా. నీ గోడ నిటారుగానే కట్టావు."

"నాకు తెలుసన్నా. గుండు పట్టడం నేర్పింది నువ్వేగా."

నెల తిరక్కముందే కొండ పగిలింది. నలభై ఇళ్లూ పోయాయి. మనుషులు మాత్రం ఏటి అవతల ఉన్నారు.

అక్కడ తొట్టి దించి నీళ్లు పోశారు. చుట్టూ గీత మీదే నిలిచాయి. మేస్త్రీకి నమ్మకం కుదరలేదు. అలవాటు కొద్దీ ఒక పలక చేతిలోకి తీసుకుని కొలతల మనిషిని అడిగాడు.

"ఈ నేల కదలదు కదమ్మా?"

"కదలని నేల నేనింకా చూడలేదు తాతా."

మేస్త్రీ తాపీనీ పలకనీ తమ్ముడి చేతిలో పెట్టాడు. తమ్ముడు పలకను తొట్టి కింద దోపలేదు. తొట్టి పక్కన, వచ్చేపోయేవాళ్ల కంటబడేలా నిలబెట్టాడు.

మేస్త్రీ మట్టంగా నిలిచిన నీళ్లనీ, నేల కదిలిందని చెప్పిన పలకనీ మార్చి మార్చి చూశాడు. దేన్ని నమ్మాలో అతనికి బోధపడలేదు.