గుమ్మడమ్మ వేలాడదీసిన బొమ్మలు

అనగనగా, వెదుర్లు మబ్బుల్ని తాకేంత ఎత్తు పెరిగిన ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవిలో గుమ్మడమ్మ అని ఒక ఏనుగు ఉండేది. గుమ్మడమ్మకి బొమ్మలంటే ప్రాణం.

ఒక ఏడు వానలు వెలిశాక గుమ్మడమ్మ అందర్నీ పిలిచి ఇలా అంది: "మనందరం బొమ్మలు వేద్దాం! అన్నీ ఒకచోట పెట్టి ప్రదర్శన చేద్దాం! అవతలి కొండవాళ్లని చూడ్డానికి రమ్మందాం!"

ఇంకేముంది, అడవంతా సందడే సందడి! టేకు చిగుళ్లు నలిపి ఎరుపు తీశారు. అడవి పసుపు దంచారు. బొగ్గు నూరారు. దుప్పి తాటాకు మీద మెరుపులు గీసింది. కొమ్మన్న అనే కోతి అరటాకుల మీద తన మొహమే గీసుకున్నాడు, అదీ ఐదుసార్లు! గింజ అనే చిట్టెలుక కూడా ఒక చిన్న కానుగాకు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏం గీశావే?" అని అడిగింది గుమ్మడమ్మ హడావుడిగా.

"వాన, అత్తా! మా బొరియలోంచి చూస్తే కనబడే వాన!"

"బాగుంది, బాగుంది, ఇలా ఇయ్యి" అని గుమ్మడమ్మ తొండంతో అందుకుంది.

ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలన్నది గుమ్మడమ్మ ఇష్టం. వెదురుకీ వెదురుకీ మధ్య తీగలు కట్టింది. వాటికి బొమ్మలన్నీ వేలాడదీసింది. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంది. ప్రతి బొమ్మా సరిగ్గా తన కళ్లకి ఎదురుగా ఉంది. "అబ్బ, ఎంత బాగా కుదిరింది!" అని మురిసిపోయింది.

చుట్టాలు రావడానికి ముందురోజు పొద్దున్నే ఆ అడవివాళ్లు ముందుగా చూడ్డానికి వచ్చారు.

మొదట కొమ్మన్న వచ్చాడు. వెదురెక్కి అన్నీ చూశాడు. "అదిరింది అత్తా! ముఖ్యంగా నా మొహం!" అన్నాడు.

తరవాత దుప్పి వచ్చింది. "బాగుంది వదినా. మెడ కాస్త పట్టేసింది, అంతే" అంది. గుమ్మడమ్మకి "బాగుంది" అన్న మాటే వినబడింది.

ఆ తరవాత తాబేలు చిప్పవ్వ వచ్చింది. ఈ చివర మొదలుపెట్టి ఆ చివరికి చేరేసరికి మధ్యాహ్నమైంది.

"ఎలా ఉంది చిప్పవ్వా?" అని గుమ్మడమ్మ ఉత్సాహంగా అడిగింది.

"నేల చదునుగా ఉందమ్మాయ్. వెదురు మొదళ్లు చూశాను. నీ కాలిగోళ్లు చూశాను, అవీ బాగున్నాయి."

"మరి బొమ్మలో?"

"బొమ్మలా? ఎక్కడున్నాయి?"

కొమ్మన్న పకపకా నవ్వాడు. గుమ్మడమ్మకి కోపం వచ్చింది. చెవులు టపటపా కొట్టుకుంటూ, "ఇంత కష్టపడి చేస్తే ఇదా నువ్వనే మాట! తల ఎత్తి చూడకపోతే అది నా తప్పా?" అంది.

చిప్పవ్వ నొచ్చుకోలేదు. "ఎత్తాను తల్లీ. నా మెడ ఎంతుందో అంతా ఎత్తాను. ఆకుల అడుగులు కనబడ్డాయి. నా సంగతికేం, ఆ గింజని అడుగు. పొద్దుట్నుంచి మూడుసార్లు వచ్చింది. తన బొమ్మ తనకే కనబడక మూడుసార్లూ వెనక్కిపోయింది" అంది.

"ఆవిడ మాటలు పట్టించుకోకత్తా!" అన్నాడు కొమ్మన్న. "రేపు వచ్చేది ఎలుగుబంట్లు, అడవిదున్నలు. పెద్దవాళ్లకి కనబడితే చాల్లే!"

నిజమే అనిపించింది గుమ్మడమ్మకి. ఇంటికి పోదామని వెనక్కి తిరిగింది. కానీ కాళ్లు కదల్లేదు. మూడుసార్లు వచ్చి పోయిందన్న మాట ముల్లులా గుచ్చుకుంది.

అప్పుడు గుమ్మడమ్మ ఏం చేసిందో తెలుసా? మోకాళ్ల మీద కూర్చుంది. పొట్ట నేలకి ఆనించింది. గడ్డం కూడా నేలకి ఆనించి, అంత పెద్ద ఏనుగూ మెల్లగా పాకుతూ తన ప్రదర్శన తనే చూడ్డం మొదలుపెట్టింది! వెదురు మొదళ్లు కనబడ్డాయి. ఎవరో ఉమ్మిన సీతాఫలం గింజలు కనబడ్డాయి. ఒక్క బొమ్మ కనబడితే ఒట్టు.

చివర ఒక వెదురు పక్కన గింజ కూర్చుని ఉంది.

"గింజా, నీ బొమ్మ చూసుకున్నావా?" అని అడిగింది గుమ్మడమ్మ.

"ఫరవాలేదత్తా. ఎలా ఉంటుందో నాకు గుర్తుందిగా" అంది గింజ.

గుమ్మడమ్మ కళ్లు చెమర్చాయి. గబుక్కున లేచి నిలబడింది. "దించండి! అన్నీ దించండి!" అని గట్టిగా పిలిచింది.

"అయ్యో అత్తా, తెల్లారితే చుట్టాలొస్తారు!" అన్నాడు కొమ్మన్న.

"ఇంకా బోలెడు ఎండ ఉంది, రండి!"

అంతే! అందరూ ఉరుకులు, పరుగులు. ఈసారి గుమ్మడమ్మ ఒక్కో బొమ్మా పట్టుకుని, "ఇక్కడ కనబడుతోందా అవ్వా? నీకు మెడ నొప్పెడుతోందా దుప్పీ?" అని అడిగి మరీ పెట్టింది. పెద్ద బొమ్మలు పైన కట్టి, వాటి ముందు రాళ్లతో మెట్లు పేర్చింది. చిన్నవి కిందికి దించింది.

"ఒకే మొహం ఐదుసార్లు ఎవరు చూస్తారు? ఒకటి చాలు" అంది చిప్పవ్వ. కొమ్మన్న మూతి ముడిచాడు. కాసేపు ఆలోచించి, నవ్వుతున్న మొహం ఒక్కటి ఉంచి మిగతావి తీసేశాడు.

గింజ కానుగాకుని ఒక వెదురు మోడుకి, నేలకి జానెడెత్తున పెట్టారు. "దీని పక్కన ఇంకేమీ పెట్టకమ్మాయ్. వానకి కాస్త చోటు కావాలి" అంది చిప్పవ్వ. గుమ్మడమ్మ అలాగే చేసింది.

తెల్లారింది. కొండవాళ్లు వచ్చారు! ఎలుగుబంట్ల పెద్ద జూలప్ప ముందు నడిచాడు. వెనక దున్నలు వచ్చాయి. ముళ్లపందులు వచ్చాయి. పిల్లల్ని వెంటేసుకుని కుందేళ్లు గుంపులు గుంపులుగా వచ్చాయి! జూలప్ప ఒక్కో బొమ్మా చూస్తూ వచ్చి వెదురు మోడు దగ్గర టక్కున ఆగాడు. వంగాడు. చాల్లేదు. బోర్లా పడుకున్నాడు. పక్కనే కుందేలు పిల్లలు బారుగా పడుకున్నాయి.

"ఓయబ్బో! చినుకు కుండంత ఉంది! గడ్డిపోచ తాటిచెట్టంత ఉంది!" అన్నాడు జూలప్ప. "ఇన్నేళ్లుగా వానలో తడుస్తున్నాను, ఇలాంటి వాన ఎప్పుడూ చూళ్లేదు. ఎవరు వేశారర్రా ఇది?"

"నేనే! నేనే వేశాను!" అని గింజ ఎగిరి గంతేసింది.

జూలప్ప లేచి దుమ్ము దులుపుకున్నాడు. "గుమ్మడమ్మా, మా కొండ మీద కూడా ఇలాంటి ప్రదర్శన పెట్టాలి. నువ్వే వచ్చి సర్దిపెట్టాలి!" అన్నాడు.

"వస్తాను. కానీ చిప్పవ్వ కూడా రావాలి" అంది గుమ్మడమ్మ.

"నేను నడిచొచ్చేసరికి మీ ప్రదర్శన అయిపోతుందే!" అంది చిప్పవ్వ.

గుమ్మడమ్మ తొండంతో చిప్పవ్వని సుతారంగా ఎత్తి తన నెత్తిమీద కూర్చోబెట్టుకుంది. చిప్పవ్వ మెడ చాచి చుట్టూ చూసింది.

"అమ్మాయ్! పైనుంచి ఇలా ఉంటుందా! ఇక్కణ్ణుంచి చూస్తుంటే నువ్వు ముందు అలా ఎందుకు కట్టావో ఇప్పుడు తెలుస్తోంది సుమా! ఆగాగు, ఆ మూల తాటాకు కాస్త వంకరగా ఉంది."

గుమ్మడమ్మ నవ్వుతూ వెళ్లి తాటాకు సరిచేసి, కొండ దారి పట్టింది.

నీతి: మనం నిలబడ్డ చోటినుంచి బాగుంటే అందరికీ బాగున్నట్టు కాదు, తప్పు చెప్పినవాళ్ల చోట నిలబడి చూస్తేనే మన పనిలో లోపం మనకి కనబడుతుంది.